ఫిజాక్: రోజెట్టా రాయి మీద నడిచే ఊరు

తులూజ్‌_తెలుగోడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా ఫ్రాన్స్‌లో, తులూజ్‌లో ఉంటున్నాను. విమానాల పని. నిన్న శనివారం రైలెక్కి ఫిజాక్ అనే ఊరు వెళ్ళొచ్చా, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. జనాభా పదివేల లోపు, అంటే మన లెక్కలో ఒక మేజర్ పంచాయతీ. సెలే అనే ఏటి ఒడ్డున కొండ వాలుకి ఆనుకుని ఉంటుంది. ఈజిప్టు బొమ్మల లిపిని చదివిన షాంపోలియన్ పుట్టిన ఊరని తప్ప వెళ్ళేముందు నాకేమీ తెలీదు.

ఇరుకు సందులోంచి ఒక రాతి వాకిట్లోకి తిరిగితే నేలంతా నల్లరాయి. ఒకే విషయాన్ని మూడు లిపుల్లో చెక్కిన ఈజిప్టు రాయి రోజెట్టా శాసనం, దాన్ని పెద్దది చేసి నేల మీద పరిచారు. అసలు రాయి ఎత్తు మీటరు మీద జానెడు కూడా ఉండదు, ఇదేమో దాదాపు 14 మీటర్లు పొడవు, 7 మీటర్లు వెడల్పు. షాంపోలియన్ ద్విశతజయంతి కోసం అమెరికా కళాకారుడు జోసెఫ్ కోసుత్ జింబాబ్వే గ్రానైటుతో 1991లో చేయించాడు. మూడు లిపులూ మూడు ఎత్తుల్లో, మెట్లు మెట్లుగా ఉంటాయి. పొద్దున వాన పడి వెలిసింది. చెక్కిన గాడుల్లో నీళ్ళు నిలిచి అక్షరాలు తెల్లగా మెరుస్తున్నాయి. నాలుగేళ్ళ పిల్ల ఒకతి తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టు పక్షి బొమ్మ మీంచి సింహం బొమ్మ మీదికి గెంతుతోంది.

నాకు మాత్రం కాలు పడలేదండీ. కాగితం మీద కాలేస్తే కళ్ళకద్దుకోమని చెప్పిన ఇంట్లో పెరిగాం కదా. బూట్లు విప్పాలా అని రెండు నిమిషాలు నిలబడి, చివరికి అంచు వెంబడే నడిచి అవతలికి పోయా. నన్ను చూసి ఆ పిల్ల తల్లి నవ్వింది.

ఈ ఊరి గురించి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. షాంపోలియన్ కాక ఇంకేముంది అక్కడ?

---

సందేహాల_స్వామి | ఆదివారం, రాత్రి 9:50

బానే ఉంది గానీ, ఆయన 1790 డిసెంబర్ 23న పుట్టాడు, 1801లోనే అన్నగారి దగ్గర చదువుకని గ్రెనోబుల్ వెళ్ళిపోయాడు. పదేళ్ళు! ఆ పదేళ్ళకి ఊరంతా బోర్డులు, మ్యూజియం, ఒబెలిస్కు అనే రాతి స్తంభం. గొప్పవాడు ఎక్కడ పుడితే ఆ ఊరు కాలరెగరేయడం మనకీ మామూలేలెండి. పైగా దారి చూపింది ఇంగ్లండులోని థామస్ యంగ్ అని ఎక్కడో చదివా.

---

శిలాశాసనం | ఆదివారం, రాత్రి 10:31

స్వామిగారూ, యంగ్ తొలి అడుగు వేశాడన్నది నిజమే. గుండ్రటి గీత లోపల ఉన్నవి రాజుల పేర్లన్న పాత ఊహని అందుకుని, ఈజిప్టునేలిన గ్రీకు రాజు టాలమీ పేరులోని గుర్తుల్లో కొన్నింటికి ఫలానా శబ్దాలని పట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు. షాంపోలియన్ చేసిన పని చూడండి.

టాలమీ పేరు ప-ట-ఒ-ల-మ-య-స్ అని రాశారనుకోండి. క్లియోపాత్రా పేరు క-ల-ఎ-ఒ-ప-అ-ట-ర-అ. మొదటి పేరులో నాలుగో గుర్తు పడుకున్న సింహం. రెండో పేరులో అదే సింహం రెండో చోట ఉంది. అంటే సింహం ‘ల’. మొదటిదాంట్లో మొట్టమొదట ఉన్న నలుచదరం రెండోదాంట్లో అయిదోది. అంటే అది ‘ప’. ‘ట’ దగ్గర మాత్రం రెండు పేర్లలో రెండు వేరే గుర్తులు. ఇంకొకడైతే లెక్క తప్పిందని వదిలేసేవాడు. ఒకే శబ్దానికి రెండు గుర్తులు ఉండొచ్చని ఈయన ధైర్యం చేశాడు. తర్వాత ఒక పేరులో ముందు సూర్యబింబం, చివర స-స కనపడ్డాయి. ఈజిప్టు పాత భాషకి చివరి రూపమైన కోప్టిక్‌లో సూర్యుడు ‘రే’. అలా రామెసెస్ అనే రాజు పేరు పలికింది. గ్రీకుల కాలం పేర్లే కాదు, అంతకు వెయ్యేళ్ళ ముందు రాజుల పేర్లు కూడా శబ్దాలతోనే రాశారని తేలింది. అన్న దగ్గరికి పరిగెత్తి ‘దొరికింది’ అని అరిచి స్పృహ తప్పి పడిపోయాడని కథ. 1822 సెప్టెంబర్ 27న పారిస్ అకాడమీలో ఉత్తరం చదివాడు.

యంగ్‌కి కోప్టిక్ మీద ఈయనకున్న పట్టు లేదు. తేడా అదే.

మన పాత బ్రాహ్మీ లిపి సంగతి తేలింది ఇంకో 15 ఏళ్ళకి, 1837లో. దాన్ని చదివిన ఇంగ్లీషు అధికారి ప్రిన్సెప్ చేతిలో రోజెట్టాలాంటి రాయి లేదు. సాంచీ రాళ్ళ మీద చిన్న చిన్న శాసనాలన్నీ ఒకే మాటతో ముగియడం గమనించి, అది ‘దానం’ అయ్యుంటుందని పట్టుకున్నాడు. ఆ దారి పడ్డాకే 1892లో మన భట్టిప్రోలు ధాతు కరండం (అస్థికల పెట్టె) మీది అక్షరాలు చదవగలిగారు.

---

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 10:40

యంగ్ గొప్పా షాంపోలియన్ గొప్పా అన్న పంచాయితీకి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ ఊరి గురించి.

---

తులూజ్‌_తెలుగోడు | సోమవారం, ఉదయం 7:05

శిలాశాసనం గారూ, ఆ సింహం మీదే ఆ పిల్ల గెంతింది!

నేను చూసినవి రాస్తా. ఊరు మొదలైంది మఠంతో. 9వ శతాబ్దంలో కోంక్ అనే కొండ ఊరి సన్యాసులకి అక్కడ చోటు చాలక ఇక్కడికి వచ్చారు. తర్వాత పిల్ల మఠం తల్లి మఠంతో పోటీకి దిగింది. మేమే పాతవాళ్ళమని చూపించుకోడానికి పెపిన్ రాజు పేరుతో దొంగ పత్రం కూడా పుట్టించారు. పావురాలు ఆకాశంలో శిలువ ఆకారంలో ఎగిరితే రాజుగారు చూసి మఠం కట్టించాడని స్థలపురాణం. కోంక్ వాళ్ళేం తక్కువ కాదు, ఆజాన్ ఊళ్ళోని సెయింట్ ఫోయ్ అనే బాల పుణ్యవతి అస్థికల్ని ఎత్తుకొచ్చి గుడి కట్టారు. యాత్రికులు వస్తే డబ్బు వస్తుంది, అదీ అసలు సంగతి.

మఠం తర్వాత వర్తకులు. ఊరి అందమంతా వాళ్ళ పుణ్యమే. లేత పసుపు ఇసకరాతి ఇళ్ళు, కింద కమాను కమానుగా అంగళ్ళు, వాటి మీద కాపురాలు. అన్నిటికన్నా పైన సొలేయో. ఇది నాకు భలే నచ్చింది. కప్పు కింద గోడల్లేకుండా స్తంభాల మీద నిలిపిన అటక. ఎండా గాలీ రెండూ తగులుతాయి, వాన తగలదు. తోళ్ళు, బట్టలు, పండ్లు, గింజలు అన్నీ అక్కడే ఆరబోసేవారు. ఏటి పక్కన తోళ్ళు పదునుపెట్టే వాడలుండేవి. సందులో నిలబడి తలెత్తి చూస్తే ప్రతి నాలుగిళ్ళకీ ఒకటి కనిపిస్తుంది.

‘టంకశాల’ అని ఒక పెద్ద ఇల్లుంది. అందులో నాణేలు ముద్రించలేదు, అది 13వ శతాబ్దపు వర్తకుడి ఇల్లు. ఊరికి నాణేల హక్కు ఉండడం వల్ల ఆ పేరు అంటుకుంది. ఇప్పుడు పర్యాటక కార్యాలయం.

---

వంటింటి_కబుర్లు | సోమవారం, మధ్యాహ్నం 1:20

అయ్యో, ఎండ తగిలి వాన తగలని అటకా! మాకెందుకు లేదండీ అలాంటిది? మా డాబా మీద వడియాలు పెట్టిన ప్రతిసారీ మబ్బు పడుతుంది. ఇంతకీ ఏం తిన్నారక్కడ? రాళ్ళ గురించే రాస్తారేంటి మగాళ్ళంతా.

---

యానాం_గట్టు | సోమవారం, సాయంత్రం 6:44

ఈ థ్రెడ్‌లో యానాం లేకపోతే ఎలా? 1954 దాకా మాదీ ఫ్రెంచి ఊరే కదా. మా తాతగారు ఫ్రెంచి బళ్ళో చదివారు. ముసలితనంలో కూడా నవ్వించడానికి ‘మన పూర్వీకులు గాల్ జాతివారు’ అని ఫ్రెంచిలో అప్పజెప్పేవారు. గోదారి ఒడ్డున పుట్టి!

రోమన్లకి ముందు ఫ్రాన్స్‌లో ఉన్న ఆ గాల్ వాళ్ళ చివరి కోట ఈ చుట్టుపక్కలదేనండీ. ఉక్సెల్లోదునుం. క్రీ.పూ. 51లో రోమన్ సేనాని సీజర్ దాన్ని గెలిచింది ఊటకి అడ్డం పడే. నీళ్ళు ఆగిపోయాక లోపలివాళ్ళు లొంగిపోయారు, ఆయుధం పట్టిన చేతులు నరికించాడు. ఆ కోట మాదంటే మాదని ఎన్నో ఊళ్ళు కొట్టుకున్నాయి. షాంపోలియన్ అన్న జాక్-జోసెఫ్ ఫిజాక్ పక్కనే ఉన్న కాప్దెనాక్ అని వాదించి 1820లో పుస్తకమే వేశాడు. చివరికి 2001లో ప్రభుత్వం ప్యూయ్ దిస్సోలూ అనే వేరే కొండని ఒప్పుకుంది. కాప్దెనాక్ వాళ్ళు మాత్రం ఇప్పటికీ వదల్లేదు :)

ఇంకోటి గమనించారా? ఫిజాక్, కాప్దెనాక్... అన్నీ ‘ఆక్’. రోమన్ల కాలంలో ఎవరి భూమైతే వాళ్ళ పేరు చివర ‘ఆకుమ్’ చేర్చేవారు. మన పూడి, పర్రు, పల్లి లాగన్నమాట.

---

పలక_బలపం | సోమవారం, రాత్రి 8:58

35 ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే ఓర్చుకోండి.

స్వామిగారు ‘పదేళ్ళేగా’ అన్నారు. నా మటుకు ఆ పదేళ్ళే ముఖ్యం. తండ్రి పుస్తకాల కొట్టు నడిపేవాడు, తల్లికి చదువు రాదంటారు. ఆవిడకి ప్రార్థనలు నోటికి వచ్చు, పిల్లాడికీ నోటికి వచ్చేలా చేసింది. వాడు ప్రార్థనల పుస్తకం ఒకటి తీసుకుని, తనకి నోటికొచ్చిన మాటల్ని అచ్చులోని గీతలకి తనంతట తానే జతచేసుకుంటూ చదవడం నేర్చుకున్నాడని అతని జీవితచరిత్రల్లో చెబుతారు. తెలిసిన మాటని పట్టుకుని తెలియని గీతని విప్పడం. శిలాశాసనం గారు రాసిన సింహం లెక్క కూడా ఇదే కదండీ. ఒకటో తరగతిలో ఇలాంటి పిల్లల్ని చూశాను నేను. ‘చిట్టి చిలకమ్మా’ నోటికొచ్చేసి, పుస్తకంలో ఎక్కడ ‘చి’ ఉందో వేలుపెట్టి వెతుక్కునేవాళ్ళు.

రెండోది. ఆయన మళ్ళీ ఆ ఊరు వచ్చాడు. సొంతిష్టంతో కాదు. 1815లో నెపోలియన్ ఎల్బా దీవి ప్రవాసం నుంచి తిరిగొచ్చినప్పుడు అన్నదమ్ములిద్దరూ గ్రెనోబుల్‌లో ఆయన పక్షం చేరారు. వాటర్‌లూలో నెపోలియన్ ఓడిపోయాక రాజుగారి ప్రభుత్వం ఇద్దర్నీ 1816లో ఫిజాక్‌కి తరిమింది, పోలీసుల కాపలాలో. సొంత ఊరే జైలు. ఆ ఖాళీలో ఆ చిన్న ఊళ్ళో ఏం చేశారో తెలుసా? పేద పిల్లలకి బడి పెట్టారు, 1817లో. ‘పరస్పర బోధన’ బడి అనేవారు. ఒకే పంతులు. బాగా వచ్చిన పిల్లలు రానివాళ్ళకి చెబుతారు. మొదట ఇసుకలో వేలితో దిద్దడం, తర్వాత పలక. ఖర్చు తక్కువ, చదువు తొందరగా వస్తుంది. పేదలకి అంత తొందరగా చదువు రావడం రాజపక్షం వాళ్ళకీ చర్చి పెద్దలకీ నచ్చలేదు.

ఈ పద్ధతి ఎక్కణ్ణించి వచ్చింది? యూరప్‌లో దీన్ని ఇంగ్లండులోని లాంకాస్టర్ పేరుతో పిలిచేవారు. అతని కన్నా ముందు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి దీని గురించి 1797లో పుస్తకం వేశాడు. ఆయన నేర్చుకుంది మద్రాసులో! 1789 నుంచి ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయం చూసుకునేవాడు. ఒకరోజు దారిలో ఒక నాటు బడి కనిపించింది, పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. అదే తీసుకెళ్ళి తన బడిలో పెట్టాడు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అనే పేరు.

అది తెలుగు బడి అని నేను అనను. బెల్ దాన్ని ‘మలబారు’ బడి అన్నాడు, అప్పటి మద్రాసు తెల్లవాళ్ళ వాడుకలో ఆ మాట అరవవాళ్ళకి. కానీ మన వీధి బడి, దుంపల బడి నడిచింది కూడా ఇలాగే కదా. పంతులుగారు పెద్దపిల్లాడికి చెబితే వాడు చిన్నపిల్లాడి వేలు పట్టుకుని ఇసుకలో గుంట ఓనమాలు దిద్దించేవాడు. మా నాయనమ్మ తమ్ముళ్ళు అలా నేర్చుకున్నవాళ్ళే. ఎగ్మూరు ఇసుక లండన్ మీదుగా ఫిజాక్ దాకా వెళ్ళిందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదండీ.

---

సందేహాల_స్వామి | సోమవారం, రాత్రి 9:15

మేడమ్, పదేళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒబెలిస్కు మాట మాత్రం తీసుకోను.

---

ఓరుగల్లు_పోరడు | సోమవారం, రాత్రి 11:02

మంచి ముచ్చట నడుస్తాంది. నాదొక్కటే సవాలు. గా ఊళ్ళె జనం ఏం భాష మాట్లాడేటోళ్ళు? ఫ్రెంచా? తులూజ్ దిక్కు వేరే భాష ఉండేదని విన్న. మా సార్లు బడిల ‘వచ్చిండు’ అంటె దిద్దేటోళ్ళు, ‘వచ్చాడు’ అనాల్నని. పుస్తకంల భాష ఒకటి, ఇంట్ల భాష ఒకటి. అక్కడ గూడ గట్లనేనా?

---

తులూజ్‌_తెలుగోడు | మంగళవారం, ఉదయం 6:48

తమ్ముడూ, సరైన చోట పట్టుకున్నావ్. నేను మొన్నటి నుంచీ రాద్దామనుకుని ఆగింది ఇదే.

ఆ ఊరి భాష ఆక్సిటన్. ఫ్రెంచికి చెల్లెలు లాంటిది, యాస మాత్రం కాదు. దాంట్లో కవిత్వం ఉంది, పంచాయతీ లెక్కలూ పద్దులూ దాంట్లోనే రాసుకునేవారు. 1539లో రాజు విలేర్-కోత్రే శాసనంతో కోర్టు, కచేరీ కాగితాలన్నీ ఫ్రెంచిలోనే ఉండాలన్నాడు. అప్పుడు కాగితం పోయింది, నోరు మిగిలింది. 1880ల్లో అందరికీ ఉచిత నిర్బంధ చదువు వచ్చాక నోరూ పోయింది. బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లాడి చేతికి ఒక చెక్కముక్కో చెప్పుముక్కో ఇచ్చేవారు. ఇంకో పిల్లాడు మాట్లాడుతూ దొరికితే వాడికి అంటగట్టాలి. సాయంత్రానికి ఎవడి దగ్గరుంటే వాడికి శిక్ష. ఆ సిగ్గుకి ‘వెర్గోన్య’ అని ఆక్సిటన్‌లోనే పేరు.

షాంపోలియన్ మ్యూజియం ముందు గోడ రెండు పొరలు. బయట పాత రాతి గోడ, లోపల అద్దంలో రాగి రేకు మీద వెయ్యి అక్షరాలు, ప్రపంచ లిపులన్నిట్లోంచీ ఏరినవి. చాలా బాగుంటుంది, రాత్రి దీపాలు వేస్తే ఇంకా. దాని ముందు చౌకులో కాఫీ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఇద్దరు ముసలాళ్ళు. ఒకాయన ఇంకొకాయనతో నాకు అర్థం కాని మాట ఒకటి అని నవ్వాడు. ఏమన్నారని అడిగితే ‘పాతువా’ అన్నాడు, అంటే ‘ఏదో పల్లెటూరి మాటలే’ అని. తన భాషకి పేరు కూడా చెప్పలేదు. అయిదు వేల ఏళ్ళ లిపిని బతికించిన ఊళ్ళో, నలుగురు తాతల నోట్లో ఉన్న భాష ఇలా.

ఇందులో ఇంకో చిత్రం. అన్న జాక్-జోసెఫ్ 1809లోనే ఈ ‘పాతువా’ల మీద పుస్తకం రాశాడు, ఇవి పాడైపోయిన ఫ్రెంచి కాదు, వీటికో చరిత్ర ఉందని. తమ్ముడికి మ్యూజియం వచ్చింది, ఈ పుస్తకం ఎవరికీ గుర్తు లేదు. 1979 నుంచి కలండ్రెతా అనే ఆక్సిటన్ బళ్ళు దక్షిణాన నడుస్తున్నాయి, అదొక్కటి ఊరట.

---

శిలాశాసనం | మంగళవారం, ఉదయం 9:30

భాషల మాట వచ్చింది కాబట్టి తెలుగుకి సంబంధించిన చిన్న తోక. షాంపోలియన్ ఉత్తరం చదివింది పారిస్‌లోని శాసనాల అకాడమీలో. అదే అకాడమీకి 1767లో మన దక్షిణాది నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. రాసింది కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి, తెలుగు బాగా వచ్చినవాడు, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కట్టినవాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుదురు నుంచి వచ్చాయని ఆ ఉత్తరంలో రాశాడు, ఆ మాటకి పేరు తెచ్చుకున్న విలియం జోన్స్ కన్నా 19 ఏళ్ళు ముందు. అకాడమీ అది 1808లో గానీ అచ్చు వేయలేదు. 41 ఏళ్ళు! మన పెన్షన్ ఫైళ్ళే నయం.

---

యానాం_గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 12:10

తులూజ్ అన్నా, విమానాల పని అన్నావు. ఫిజాక్‌లో కూడా విమానాల ఫ్యాక్టరీ ఉందంటారు, నిజమేనా?

---

తులూజ్‌_తెలుగోడు | మంగళవారం, రాత్రి 8:20

నిజమే. విమానాల ప్రొపెల్లర్లు చేస్తారు, చాలా పాత ఫ్యాక్టరీ. ఊళ్ళో సగం మంది ఉద్యోగాలు దాని చుట్టూనే అనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు దాన్ని తమ విమానాల కోసం నడిపించుకుంటే, 1944 జనవరిలో ప్రతిఘటన దళం వాళ్ళు బాంబులు పెట్టి యంత్రాలు పేల్చేశారు.

ఆ మే 12న దాస్ రైష్ అనే జర్మన్ ఎస్‌ఎస్ దళం ఊరి మీద పడింది. మగవాళ్ళని పోగుచేసి లారీలెక్కించారు. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి అయిదొందల పైచిలుకు మందిని నిర్బంధ శిబిరాలకి పంపారు. వందమందికి పైగా తిరిగి రాలేదు. ఇంత చిన్న ఊళ్ళో అంటే ప్రతి సందులో ఒకరు. స్మారకం దగ్గర పేర్ల వరసలో ఒకే ఇంటిపేరు పక్కపక్కన రెండుసార్లు కనిపించినప్పుడు ఫోటో తీయబుద్ధి కాలేదు. ఫోన్ జేబులో పెట్టేశా.

ఇంతకన్నా రాయలేను దాని గురించి.

---

పలక_బలపం | మంగళవారం, రాత్రి 8:41

🙏

---

వంటింటి_కబుర్లు | బుధవారం, ఉదయం 11:15

నా ప్రశ్నకి రెండు రోజులైనా జవాబు లేదు. ఏం తిన్నారు బాబూ?

---

తులూజ్‌_తెలుగోడు | బుధవారం, రాత్రి 9:03

క్షమించండి అక్కా! శనివారం అక్కడ సంత. ఇనుప స్తంభాల పాత మార్కెట్ షెడ్డు కిందా, చుట్టూ వీధుల్లోనూ. అక్రోట్లు, చిన్న బిళ్ళల్లాంటి రొకమదూర్ మేక జున్ను, కుంకుమపువ్వు కూడా. మధ్యయుగంలో ఈ కెర్సీ ప్రాంతంలో పండించేవారట, పోయి మళ్ళీ ఈమధ్యే మొదలుపెట్టారు.

మధ్యాహ్నం తిన్నది ఎస్టోఫినాడో. పక్క జిల్లా దకాజ్‌విల్ బొగ్గుగనుల వైపు వంట, ఇక్కడా చేస్తారు. ఎండుచేప కూర అనుకోండి! నార్వే నుంచి కర్రల్లా ఎండిన కాడ్ చేప బోర్డో రేవుకి దిగి, అక్కణ్ణించి పడవల్లో లోట్ నది మీద పైకి వచ్చేది. సముద్రానికి ఇంత దూరంలో ఎండుచేప ఊరి వంట అయ్యింది అలాగే. రోజుల తరబడి నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఉడికించి, ముళ్ళు తీసి, ఉడికిన బంగాళదుంపతో మెదిపి, గుడ్లు, వెల్లుల్లి, పార్స్లీ కలిపి, పైన పొగలు కక్కే అక్రోటు నూనె పోస్తారు. వాసన మన ఎండుచేపలంత ఘాటు కాదు. ఆ చేపకి ఉప్పు పట్టించరు, ఉత్త గాలికే ఎండబెడతారు, అది గమనించండి.

---

ఓరుగల్లు_పోరడు | బుధవారం, రాత్రి 9:30

ఎండుశాపలు అంటె మా అవ్వ గుర్తొచ్చింది. గొడ్డుకారం ఎయ్యరా దాంట్ల?

---

వంటింటి_కబుర్లు | శనివారం, మధ్యాహ్నం 2:47

చేశా. ఎండు సొరచేప, బంగాళదుంప, గుడ్లు, అక్రోటు నూనె దొరక్క నువ్వుల నూనె. ఒక రాత్రే నానబెట్టా. నోట్లో పెట్టలేనంత ఉప్పు! మావారు మజ్జిగన్నం తిని లేచారు. ఉప్పు సంగతి ముందే చెప్పొచ్చుగా?

---

తులూజ్‌_తెలుగోడు | శనివారం, సాయంత్రం 4:10

చెప్పానక్కా, పోస్టు ఆఖరి వాక్యం.

---

వంటింటి_కబుర్లు | శనివారం, సాయంత్రం 4:12

ఆఖరి వాక్యం దాకా ఎవరు చదువుతారు, పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే!